ముసుగు వెనక కళ్లు: వేషధారి హీరోల మనో శిక్షణ ఎంతవరకు పనిచేస్తుంది?

క్లుప్తంగా: అమెరికాలో కొందరు సూపర్‌హీరోల్లా వేషం కట్టి రాత్రిళ్లు వీధుల్లో గస్తీ తిరుగుతారు. కండలతో పాటు కళ్లకు, చెవులకు, మనసుకు కూడా సాధన కావాలన్న మాట ఈ వ్యవహారంలో తరచూ వస్తుంది. కంటిచూపును, వినికిడిని సాధనతో పెద్దగా పెంచుకోలేం. దేని మీద ధ్యాస పెట్టాలి, చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది మాత్రం నేర్చుకోవచ్చు. ఈ పనిలో వేషం చేసే సాయం కన్నా పెట్టే ఇబ్బందే ఎక్కువ.

2011 అక్టోబర్ 9, తెల్లవారుజాము. సియాటిల్‌లో ఒక ఫ్లైఓవర్ దగ్గర, క్లబ్ నుంచి బయటికొచ్చిన గుంపు ఒకటి అరుచుకుంటూ తోసుకుంటూ కనిపించింది. నలుపు, బంగారు రంగుల సూట్, ముఖానికి మాస్క్ వేసుకున్న ఫీనిక్స్ జోన్స్ అనే యువకుడు పరిగెత్తుకెళ్లి మధ్యలో దూరాడు, పెప్పర్ స్ప్రే కొట్టాడు. గుంపులో ఒకావిడ చెప్పు తీసి అతన్ని బాదింది. కొట్లాట ఆపానని అతను చెప్పాడు. సరదాగా డాన్స్ చేసుకుంటూ పోతుంటే ఎవడో వేషం వేసుకొచ్చి స్ప్రే కొట్టాడని వాళ్లు చెప్పారు. పోలీసులు జోన్స్‌ను అరెస్టు చేశారు. కోర్టు బయట అతను మాస్క్ తీసేశాడు. తర్వాత నగర అటార్నీ అభియోగాలు మోపకుండా వదిలేశారు.

అతని వెంట ఉన్న మనిషి ఇదంతా వీడియో తీశాడు. అయినా వాదన తెగలేదు.

జోన్స్ బలహీనుడేమీ కాదు, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైటర్. బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా కూడా తొడుక్కుని తిరిగేవాడు. ఆ రాత్రి చిక్కంతా వేరే చోట వచ్చింది. ఎదురుగా జరిగేది కొట్లాటో కోలాటమో నాలుగైదు సెకన్లలో తేల్చుకోవాల్సి వచ్చింది. వేషధారి హీరోలకు మనో శిక్షణ అంటూ ఒకటి కావాలంటే, అది ఆ నాలుగైదు సెకన్ల కోసమే.

ఎవరు వీళ్లు

'రియల్ లైఫ్ సూపర్‌హీరోలు' అని తమను తాము పిలుచుకునే వీళ్లు ఇంటర్నెట్ వచ్చాక ఒకరికొకరు తెలిసి, బృందాలుగా ఏర్పడ్డారు. సియాటిల్‌లో జోన్స్ నడిపిన రెయిన్ సిటీ సూపర్‌హీరో మూవ్‌మెంట్ 2014లో మూతపడింది. శాన్‌డియాగోలో ఎక్స్‌ట్రీమ్ జస్టిస్ లీగ్ బార్లు ఎక్కువగా ఉన్న వీధుల్లో గస్తీ తిరిగింది. అంతకు చాలా ముందు, 1979లోనే న్యూయార్క్ సబ్‌వేలో గార్డియన్ ఏంజెల్స్ బయల్దేరారు. వాళ్లకు మాస్కుల్లేవు, ఎర్ర టోపీలే గుర్తు. చాలా రాత్రుల్లో ఈ బృందాలు చేసే పని సినిమా పోస్టర్‌కి పనికొచ్చేది కాదు: ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లకు తిండి, నీళ్లు ఇవ్వడం, తాగి తూలుతున్నవాళ్లను ట్యాక్సీ ఎక్కించడం.

ఎవరో ఒకరు ముందుకు రాకపోతే జనం చూస్తూ ఊరుకుంటారన్న నమ్మకం ఈ ఉద్యమం వెనక ఉంది. 1964లో న్యూయార్క్‌లో కిటీ జెనోవీజ్ అనే యువతి హత్య జరిగినప్పుడు 38 మంది చూస్తూ నిలబడ్డారని పత్రికలో వచ్చిన కథనం ఆ నమ్మకాన్ని పాతుకుపోయేలా చేసింది. ఆ అంకె బాగా పెంచి రాసినదని తర్వాత తేలింది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీటీవీల్లో రికార్డయిన 219 వీధి తగాదాలను పరిశీలించారు. పదింట తొమ్మిదిసార్లు పక్కనున్నవాళ్లలో ఒక్కరైనా కల్పించుకున్నారు. చెయ్యి అడ్డం పెట్టడం, పక్కకు లాగడం, భుజం తట్టి చల్లబరచడం లాంటివన్నమాట. మామూలు చొక్కా, ప్యాంటుల్లోనే.

కళ్లెదుటే ఉన్నా కనపడకపోవడం

గస్తీ తిరిగేవాడికి మొదట తెలియాల్సింది తన కన్ను ఎక్కడెక్కడ మోసం చేస్తుందన్నది. 1995 జనవరిలో బోస్టన్‌లో జరిగిన సంఘటన దీనికి గట్టి ఉదాహరణ. కాల్పుల నిందితుణ్ని పోలీసులు తరుముతున్నారు. మఫ్టీలో ఉన్న మైకేల్ కాక్స్ అనే నల్లజాతి అధికారినే నిందితుడనుకుని తోటి పోలీసులు చితకబాదారు. అదే సమయంలో కెనెత్ కాన్లీ అనే మరో పోలీసు ఆ పక్క నుంచే పరిగెత్తి, కంచె దూకి, అసలు నిందితుణ్ని పట్టుకున్నాడు. కాక్స్‌ను కొట్టడం తనకు కనపడలేదని కాన్లీ చెబితే ఎవరూ నమ్మలేదు. అబద్ధపు సాక్ష్యమని శిక్ష పడింది, ఏళ్ల తర్వాత అది రద్దయింది. కాక్స్ 2022లో అదే నగరానికి పోలీస్ కమిషనర్ అయ్యారు.

కాన్లీ చెప్పింది నిజమయ్యే అవకాశం ఉందా? క్రిస్టఫర్ ఛాబ్రిస్, డేనియల్ సైమన్స్ తదితరులు 2011లో ప్రయోగం చేసి చూశారు. బాస్కెట్‌బాల్ పాసులు లెక్కపెట్టే పనిలో పడి, మధ్యలోకి వచ్చిన గొరిల్లా వేషాన్ని సగం మంది గమనించలేదని 1999లో చూపించినవాళ్లే వీళ్లిద్దరూ. ఈసారి విద్యార్థులను ఒక మనిషి వెనకే పరిగెత్తమన్నారు. అతను తల ఎన్నిసార్లు ముట్టుకున్నాడో లెక్కపెట్టమన్నారు. దారి పక్కనే ముగ్గురు కొట్లాట నటించారు, అందులో ఒకణ్ని మిగతా ఇద్దరు కొడుతున్నారు. రాత్రిపూట 35 శాతం మందే దాన్ని చూశారు. పట్టపగలు కూడా 56 శాతమే. లెక్కపెట్టే పని లేనప్పుడు ఇది 72 శాతానికి పెరిగింది, రెండు చేతులకూ విడివిడిగా లెక్కపెట్టమంటే 42కి పడిపోయింది.

అంటే లోపం కంటిలో లేదు. మనసు చేతిలో ఉన్న పని ఎంత బరువైతే, పక్కన జరిగేది అంతగా జారిపోతుంది. ఒకణ్ని తరుముతున్న హీరో, ఫోన్‌లో లైవ్ పెట్టి మాట్లాడుతున్న హీరో, తన భంగిమ కెమెరాలో ఎలా వస్తోందో ఆలోచిస్తున్న హీరో, ముగ్గురూ ఈ 42 శాతం వైపే ఉంటారు. అందుకే ఇద్దరు కలిసి తిరిగేటప్పుడు పని పంచుకోవడం ముఖ్యం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి చుట్టూ చూడడం తప్ప వేరే పని ఉండకూడదు. చూడడానికి ఇది చాలా చిన్న నియమం. వంద కసరత్తుల పెట్టు.

చీకటి, చెవి, హెల్మెట్

రాత్రి చూపును సాధనతో పిల్లి చూపులా మార్చుకోవచ్చన్న భ్రమ చాలామందికి ఉంది. కంటిలో రెండు రకాల కణాలు ఉంటాయి. రంగులు, సన్నని వివరాలు చూసే శంకు కణాలు చీకటికి పది నిమిషాల్లో అలవాటు పడతాయి. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలకు అరగంట దాకా పడుతుంది. ఆ మధ్యలో ఎవరైనా ముఖం మీదకు టార్చ్ కొట్టినా, ఫోన్ స్క్రీన్ వైపు తేరిపార చూసినా చాలా వరకు మళ్లీ మొదటికే వస్తుంది. రెటీనా నట్టనడుమ దండ కణాలు అసలే ఉండవు. అందుకే చీకట్లో మసగ్గా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమైపోతుంది, కొంచెం పక్కకు చూస్తే కనపడుతుంది. నక్షత్రాలు చూసేవాళ్లకు ఇది పాత సంగతే. ఎవరైనా ఈ రాత్రి డాబా ఎక్కి, అతి మసక చుక్క ఒకటి ఎంచుకుని పరీక్షించుకోవచ్చు.

కానీ నగర వీధి డాబా లాంటిది కాదు. స్తంభం కింద వెలుగు, పది అడుగులు దాటితే నీడ, ఎదురుగా కారు హెడ్‌లైట్లు. కన్ను ఏ ఒక్కదానికీ పూర్తిగా అలవాటు పడదు. కాబట్టి పక్కచూపు కిటుకు కన్నా ఎక్కడ నిలబడాలన్నదే ఎక్కువ పనికొస్తుంది. దీపం కింద నిలబడి సందులోకి తొంగిచూసేవాడు సందులో ఉన్నవాడికి నిలువెల్లా కనపడతాడు, తనకు మాత్రం ఏమీ కనపడదు.

చెవి సంగతి ఇంకా చిత్రం. కుడి నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. మెదడు దానితోనే దిక్కు పసిగడుతుంది. శబ్దం ముందు నుంచా వెనక నుంచా అన్నది మాత్రం ఈ తేడాతో తెలియదు. చెవి దొప్పలోని మెలికలు శబ్దాన్ని మార్చే తీరును బట్టి తెలుస్తుంది. దొప్పను కప్పేసే హెల్మెటో, మందపాటి తలముసుగో వేసుకుంటే ముందు వెనకలు తారుమారవుతాయి. ముఖం చుట్టూ అంచులున్న మాస్క్ పక్కచూపును కోసేస్తుంది, కదలికను మొదట పట్టేది ఆ పక్కచూపే. మన సినిమాల్లో హీరో వెనక నుంచి వచ్చే దెబ్బను తిరిగి చూడకుండానే పట్టుకుంటాడు. నిజం వీధిలో మాస్క్ వేసుకున్నవాడికి పక్క నుంచి వచ్చేదీ తెలియదు.

సాధన ఎక్కడ ఫలిస్తుంది

ఇంద్రియాలకు సాధన పూర్తిగా వృథా అనడం కూడా తప్పే. నాలుకతో చిటికె వేసినట్టు చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో గ్రహించే అంధులు ఉన్నారు. అమెరికాకు చెందిన డేనియల్ కిష్ ఈ పద్ధతిని ఎందరికో నేర్పారు. బ్రిటన్‌లో డరమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 వారాల శిక్షణ ఇచ్చి చూస్తే అంధులూ చూపున్నవాళ్లూ ఇద్దరూ నేర్చుకోగలిగారని 2021లో ప్రకటించారు. వాళ్లకు వినికిడి శక్తి పెరగలేదు. అప్పటిదాకా పట్టించుకోని ప్రతిధ్వనికి అర్థం చెప్పుకోవడం వచ్చింది.

అయితే ఒకచోట నేర్చింది ఇంకోచోటికి అంత తేలిగ్గా బదిలీ కాదు. మెదడుకు పదును పెడతామంటూ ఆన్‌లైన్ ఆటలు అమ్మిన లుమోసిటీ కంపెనీ, ఆధారాల్లేని ప్రచారం చేసిందన్న ఆరోపణపై 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆ ఆటలు ఆడితే ఆ ఆటల్లో నైపుణ్యం వస్తుంది. వీధిలో జేబుదొంగను కనిపెట్టడం వాటితో రాదు.

అష్టావధానం చూసినవాళ్లకు ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డుపడతారు, ఒకరు సమస్య ఇస్తారు, అప్రస్తుత ప్రసంగి చిలిపి ప్రశ్నలతో దృష్టి మళ్లిస్తాడు, మధ్యమధ్య ఎప్పుడు మోగుతుందో తెలియని గంట. చివర్లో అవధాని పద్యాలన్నీ ధారణ చేసి, గంట ఎన్నిసార్లు మోగిందో కూడా చెబుతారు. అవధానం అన్న మాటకు అర్థమే ఏకాగ్రత. కానీ ఆ ఏకాగ్రత ఏళ్ల తరబడి ఛందస్సులో, పద్యాల్లో నానిన మనసుది. ఎవరు ఏ రకం ప్రశ్న అడుగుతారో ముందే తెలిసిన సభలోది. చదరంగంలోనూ అంతే. అసలు ఆటలోని స్థితిని ఒక్క చూపులో గుర్తుపెట్టుకునే మాస్టర్లు, పావులను అడ్డదిడ్డంగా పేర్చితే ఆ పైచేయిని దాదాపుగా కోల్పోయారని ఛేజ్, సైమన్ అనే పరిశోధకులు 1973లో చూపించారు.

వీధిలో 'ఛందస్సు' అంటే ఆ వీధి మామూలు లక్షణం. ఏ షాపు ఎన్నింటికి షట్టర్ దించుతుంది, శనివారం రాత్రి ఏ బార్ ముందు ఎంత గోల మామూలే, ఏ మూల ఆటోవాళ్లు ఎప్పుడూ కేకలు వేసుకుంటారు. ఇది తెలిసినవాడికే తేడా కనిపిస్తుంది. పాతికేళ్లుగా ఒకే మూలన టీ కొట్టు నడిపేవాడికి ఇది శిక్షణ లేకుండానే వస్తుంది. కొత్త పేటకు వెళ్లిన వేషధారికి మూడు నెలల గస్తీ తర్వాత గానీ రాదు.

గుండె దడ, నిద్ర లేమి

ప్రమాదం ఎదురైతే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, చూపు సొరంగంలా కుంచించుకుపోతుంది. కాల్పుల్లో ఉన్న పోలీసులు పక్కనే పేలిన తుపాకీ శబ్దం కూడా వినపడలేదని చెప్పిన సందర్భాలు ఉన్నాయి. ఈ టెన్షన్‌ను తగ్గించడానికి సైనికులకు, పోలీసులకు నేర్పే పద్ధతి చాలా సాదాది: నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చడం, నాలుగు ఆపడం, నాలుగు వదలడం, నాలుగు ఆపడం. నెమ్మదిగా గాలి వదిలినప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గొడవ మధ్యలో మొదటిసారి ప్రయత్నిస్తే ఇది గుర్తుకే రాదు. మెట్లు ఎక్కి ఆయాసపడినప్పుడు, ట్రాఫిక్‌లో చిరాకు పుట్టినప్పుడు చేసి చేసి అలవాటైతేనే అక్కరకొస్తుంది.

దీనికన్నా పెద్ద సమస్య గురించి వేషధారులు తక్కువ మాట్లాడతారు. పగలు ఉద్యోగం, రాత్రి గస్తీ. 17 గంటలు ఏకబిగిన మేలుకుంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి, 24 గంటలకు 0.10 శాతం స్థాయికి పడిపోతుందని డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో తేల్చారు. ఉదయం ఏడింటికి లేచి ఆఫీసుకెళ్లి, అర్ధరాత్రి దాటాక వీధిలో నిలబడిన హీరో ఒక లెక్కన తాగి ఉన్నట్టే. తాగినవాళ్ల గొడవ తీర్చడానికి వెళ్లేది ఆ స్థితిలోనే.

వేషం మనసును ఏం చేస్తుంది

వేషం ధైర్యాన్నిస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో నాలుగు, ఆరేళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే పని ఇచ్చి, పక్కనే ఆట ఆడుకోవడానికి ఐప్యాడ్ పెట్టారు. బ్యాట్‌మ్యాన్ లాంటి పాత్ర వేషం వేసుకుని, ఆ పాత్ర పేరుతో తమను తాము ప్రశ్నించుకున్న పిల్లలు అందరికన్నా ఎక్కువసేపు పనిలో నిలబడ్డారు. పెద్దల్లో డాక్టర్ కోటు వేసుకుంటే ఏకాగ్రత పెరుగుతుందని 2012లో వచ్చిన ఫలితం మాత్రం, 2019లో మళ్లీ చేసి చూస్తే నిలవలేదు.

రెండో వైపు కూడా ఉంది. 1976లో డీనర్ అనే మనస్తత్వవేత్త బృందం హాలోవీన్ రాత్రి ఇంటింటికీ వచ్చిన వేషాల పిల్లలు వెయ్యి మందికి పైగా ఏం చేస్తారో చాటుగా చూసింది. ఒక్కో చాక్లెట్టే తీసుకోమని చెప్పి ఇంటావిడ లోపలికి వెళ్లిపోతుంది. ఒంటరిగా వచ్చి, పేరు చెప్పిన పిల్లల్లో 7.5 శాతం మంది ఎక్కువ తీసుకున్నారు. పేరు చెప్పకుండా గుంపుగా వచ్చినవాళ్లలో 57 శాతం. ఈ ప్రయోగం జరిగింది సియాటిల్‌లోనే కావడం యాదృచ్ఛికం, కానీ మరిచిపోలేని యాదృచ్ఛికం. ముఖం కప్పుకుని, తనలాంటివాళ్లతో కలిసి తిరిగే పెద్దలకు ఈ లెక్క వర్తించదని అనుకోవడానికి కారణం కనపడదు.

వేషం అసలు బలం ఎదుటివాళ్ల మీద పనిచేయడంలో ఉన్నట్టుంది. 2025లో ప్రచురితమైన మిలాన్ మెట్రో ప్రయోగంలో గర్భిణిలా కనిపించే మహిళ రైలెక్కినప్పుడు మామూలుగా 38 శాతం ప్రయాణాల్లో ఎవరో ఒకరు సీటిచ్చారు. ఇంకో తలుపు నుంచి బ్యాట్‌మ్యాన్ వేషధారి ఎక్కితే అది 67 శాతమైంది. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఊరికే నిలబడ్డాడు. సీటిచ్చినవాళ్లలో 44 శాతం మంది బ్యాట్‌మ్యాన్‌ను చూడనే లేదన్నారు. 1985 భూకంపం తర్వాత మెక్సికో సిటీలో పేదల ఇళ్లు ఖాళీ చేయిస్తుంటే, 1987లో ఎరుపు, పసుపు రంగుల కుస్తీ వేషంలో బయల్దేరిన సూపర్‌బారియో కూడా ఎవర్నీ కొట్టలేదు. ఊరేగింపుల ముందు, ఆఫీసుల గుమ్మాల దగ్గర నిలబడ్డాడు. కెమెరాలు అతని వెంట వచ్చాయి.

చట్టం, మఫ్టీ, నోట్‌బుక్

తెలుగు రాష్ట్రాల్లో ఇలా తిరగాలనుకునేవాళ్లకు చట్టం ఇచ్చే జాగా చిన్నది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 40వ సెక్షన్ ప్రకారం, కళ్లెదుట జరిగిన నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరానికి, లేదా నేరస్థుడిగా ప్రకటించిన వ్యక్తి విషయంలోనే మామూలు పౌరుడు అరెస్టు చేయగలడు. ఆలస్యం లేకుండా, 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. 'కళ్లెదుట' అన్న మాట ఇక్కడ కీలకం. పరిగెత్తుకొచ్చి సగంలో చూసినవాడికి, ముందు ఏం జరిగిందో తెలియనివాడికి ఆ సెక్షన్ పెద్దగా రక్షణ ఇవ్వదు. 2014లో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాయి. వాళ్లు పోలీసులే, అయినా మఫ్టీలో బస్టాపుల్లో నిలబడతారు, వేధించేవాణ్ని ముందు రహస్యంగా వీడియో తీస్తారు, ఆ తర్వాతే పట్టుకుంటారు. ఎవరి కంటా పడకపోవడమే వాళ్ల యూనిఫాం.

పట్టుకునే పని పోలీసులకే వదిలేస్తే, గస్తీవాడికి మిగిలేది 112కు ఫోన్ చేయడం, సాక్షిగా నిలబడడం. అక్కడా శిక్షణ కావాలి. 1974లో లాఫ్టస్, పామర్ అనే మనస్తత్వవేత్తలు ఒకే రకం కారు ప్రమాదాల వీడియోలు చూపించి వేగం అడిగారు. కార్లు 'గుద్దుకున్నప్పుడు' అని అడిగితే జనం చెప్పిన సగటు గంటకు 41 మైళ్లు, 'తాకినప్పుడు' అని అడిగితే 32. ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకాన్ని మార్చేసింది. అందుకే తోటివాళ్లతో చర్చించక ముందే, వీడియో మళ్లీ చూడక ముందే చూసింది రాసుకోవాలి. కనపడినదాన్ని, ఊహించినదాన్ని విడివిడిగా పెట్టాలి.

అలా రాసుకునే పేజీ ఒకటి ఇలా ఉండొచ్చు: "రాత్రి 2:20. మూల మీద బార్ ఎదురుగా, దీపం కింద. ఐదారుగురు. తెల్ల చొక్కా మనిషి నీలం చొక్కా మనిషిని రెండుసార్లు తోశాడు. అరుపులు, మాటలు అర్థం కాలేదు. పక్కన ఇద్దరు నవ్వుతున్నారు. కొట్లాట? ఆట? 2:21కి ఫోన్ చేశాం. దగ్గరికి వెళ్లలేదు."